చేవ్రాలు: ఇల్లు విడిచి వెళ్ళు బిడ్డలకు కొన్ని మాటలు

వేసవి సెలవులు ముగియు దినములలో షోలాపురము రైలు స్టేషనునకు వెళ్ళినచో మన కుటుంబములు అనేకము కనబడును. పెట్టె యొకటి, పరుపుచుట్ట యొకటి, ఆవకాయ సీసా యొకటి పట్టుకొని మన పాఠశాలలో చదివిన పిల్లలు పుణెకును, ముంబయికిని, హైదరాబాదునకును పయనమగుచుందురు. వేళకు భుజింపుమని తల్లి చెప్పును. డబ్బు జాగ్రత్త యని తండ్రి చెప్పును. చేరిన వెంటనే ఫోను చేయుమని అవ్వ చెప్పును. ఈ మాటలన్నియు మంచివే. కాని చెప్పవలసిన మాట మరి యొకటి కలదు; అది సాధారణముగా ఎవ్వరికిని ఆ వేళ జ్ఞప్తికి రాదు. అది చేవ్రాలును గూర్చినది.

ఇల్లు విడిచిన తొలి మాసముననే మీ ముందునకు ఎన్ని కాగితములు వచ్చునో యోచింపుడు. హాస్టలు దరఖాస్తు, బ్యాంకు ఖాతా పత్రము, గది అద్దె కరారు, ఉద్యోగపు ఒడంబడిక, ఒక్కొక్కప్పుడు స్నేహితుని అప్పు పత్రము. ప్రతిదానియందును చివర ఒక చిన్న గుర్తు పెట్టి, "ఇచ్చట సంతకము చేయుము" అని వ్రేలితో చూపుదురు. పది క్షణముల పని. ఆ పది క్షణముల పనికి చట్టము ఎంత బలము నిచ్చుచున్నదో, దానివలన మీకు కలుగు బాధ్యత ఎట్టిదో విశదపరచుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

పదునెనిమిది నిండిన దినము

1872వ సంవత్సరపు భారత కాంట్రాక్టు చట్టము ననుసరించి మైనరు ఒడంబడిక చేసికొనుటకు అర్హుడు కాడు. 1875 నాటి మెజారిటీ చట్టము ప్రకారము పదునెనిమిది సంవత్సరములు నిండినవారు మేజరులు. మైనరు చేసిన ఒడంబడిక మొదటినుండియు చెల్లదని 1903లో ప్రీవీ కౌన్సిలు మొహరీ బీబీ, ధర్మదాస్ ఘోష్‌ల వ్యాజ్యమున తీర్పు చెప్పెను. ఆ వ్యాజ్యమున ఒక మైనరు తన ఆస్తిని తాకట్టు పెట్టి అప్పు పత్రము వ్రాసియిచ్చెను; ఆ తాకట్టు చెల్లదని తేలెను. ఆ తీర్పు నేటికిని న్యాయశాస్త్ర విద్యార్థులకు తొలి పాఠములలో నొకటి.

దీని యర్థమేమి? పదునెనిమిదవ పుట్టినరోజునకు ముందు మీరు తొందరపడి చేసిన సంతకమునుండి చట్టము మిమ్ము కాపాడును. మరునాటినుండి కాపాడదు. ఆ ఒక్క రాత్రిలో మన తెలివి పెరుగదు, బాధ్యత మాత్రము పెరుగును. అటుపిమ్మట "నేను చదువలేదు", "నాకు తెలియదు", "వారు తొందరపెట్టిరి" అను మాటలు సాధారణముగా న్యాయస్థానమున నిలువవు. బలవంతముచేతనో, మోసముచేతనో సంతకము చేయించుకొనిరని ఋజువు చేయగలిగినచో ఒడంబడికను రద్దు చేయించుకొనవచ్చును. కాని ఆ ఋజువు భారము సామాన్యముగా సంతకము చేసినవానిపైననే పడును.

మనకు తెలిసిన మాట, తెలియని యర్థము

మనవంటి కుటుంబములకు ఇందు మరి యొక చిక్కు కలదు. ఇంట తెలుగు, వీధిలో మరాఠీ, కళాశాలలో ఆంగ్లము. మూడు భాషలు వచ్చునను ధైర్యముతో ఏ కాగితమునైనను పైపైన చూచి వదలివేయుదుము. బజారు మరాఠీ వేరు, దస్తావేజు మరాఠీ వేరు. మన చెవికి పరిచితముగా తోచు మాటలే అచ్చట ఎక్కువ ప్రమాదకరములు.

మరాఠీలో "వ్యాజ్" అనగా వడ్డీ; మన వ్యాజ్యము కాదు, నెపమను నర్థముగల వ్యాజమును కాదు. "తారణ్" అను మాట తరింపజేయునదివలె వినిపించును. అప్పు పత్రమున దాని యర్థము తాకట్టుగా నుంచిన వస్తువు. "బాకీ" యనిన మనకు అప్పు. వారికి మిగిలినది యను నర్థము కూడ కలదు. "థక్‌బాకీ" యనినప్పుడే అది గడువు దాటిన అప్పు. "జామీన్‌దార్" అనువాడు జమీందారు కాడు. ఇతరుని అప్పునకు పూచీపడినవాడు. "అనామత్ రక్కమ్" అనగా ముందుగా కట్టి తరువాత తిరిగి పొందవలసిన ధరావతు. "హప్తా" యనగా వాయిదా సొమ్ము. తెలుగున వాయిదా యన్న మాటకు పని ముందునకు జరుపుట యను నర్థమును కలదు గనుక ఇచ్చట పొరబడరాదు. హైదరాబాదు వెళ్ళువారికిని ఇదే చిక్కు తిరుగబడి ఎదురగును. అచ్చటి పత్రములలో పూచీకత్తు, అసలు, తనఖా, చెల్లు మొదలగు మాటలు వచ్చును. ఇంట తెలుగు మాటలాడుట వేరు, ఈ మాటల యర్థము తెలియుట వేరు.

కావున మొదటి నియమము: సాంతముగా చదువలేని కాగితముపై సంతకము చేయకుడు. అర్థము కాని మాటక్రింద పెన్సిలుతో గీత గీయుడు. నకలు అడిగి ఇంటికి తీసికొని వచ్చి, తెలిసినవారిచేత చదివించుకొనుడు. "రేపు చేసెదను" అనుటకు సిగ్గుపడకుడు. నేడే సంతకము కావలయునని పట్టుపట్టువానిని, ఎందులకు నేడే యని ప్రశ్నింపుడు. సరియైన వ్యవహారము ఒక్క రాత్రి నిలిచినంత మాత్రమున చెడిపోదు.

పూచీ సంతకము

ఇచ్చట నా యనుభవ మొకటి చెప్పక తప్పదు. నా ఇరువదిమూడవ యేట, ఉద్యోగమున చేరిన తొలి సంవత్సరమున, నాతోటి గదిలో నున్న మిత్రుడు ఒక సంస్థలో 20,000 రూపాయలు అప్పు తీసికొనెను. "పేరునకు మాత్రమే, ఒక సంతకము" అని అడిగెను. చేసితిని. నాలుగు వాయిదాలు కట్టిన పిమ్మట అతడు ఉద్యోగము మాని ఎటో వెడలిపోయెను. తక్కిన 32 నెలలును, నెలకు 785 రూపాయల చొప్పున, నా జీతమునుండి కోసికొనిరి. మొత్తము 25,120 రూపాయలు. అట్లు కోసికొనుటకు నేనే అనుమతి నిచ్చినట్లు ఆ కాగితముననే వ్రాసియుండెను. దానిని నేను చదువలేదు.

"మొదట అతనిని పట్టుకొనుడు, తరువాత నన్ను అడుగుడు" అని నేను వాదించితిని. ఆ వాదము చెల్లదని తరువాత తెలిసికొంటిని. కాంట్రాక్టు చట్టపు 128వ సెక్షను ప్రకారము, పత్రమున వేరుగా వ్రాసికొననిచో, పూచీదారుని బాధ్యత అప్పు తీసికొనినవాని బాధ్యతతో సమానము. అప్పు ఇచ్చినవాడు అసలు బాకీదారుని వదలి నేరుగా పూచీదారునే అడుగవచ్చును. కట్టిన పిమ్మట ఆ సొమ్మును మిత్రునినుండి వసూలు చేసికొను హక్కు పూచీదారునకు కలదు. కాని మిత్రుడే కనబడనప్పుడు ఆ హక్కువలన ప్రయోజన మేమి?

కావున ఎవరైనను పూచీ అడిగినప్పుడు మీలో మీరు ఒక్క ప్రశ్న వేసికొనుడు: ఈ అప్పు మొత్తమును నేనే తీర్చవలసి వచ్చినచో తీర్చగలనా? తీర్చగలనని తోచినచో, తీర్చుటకు మనసున్నచో, సంతకము చేయుడు. లేనిచో "మా యింట పూచీ ఉండవలదని మాట తీసికొనిరి, అన్నా" యని మీ తండ్రిపై నెపము పెట్టి తప్పించుకొనుడు. ఏ తండ్రియు దానికి కోపగింపడు.

ఖాళీ కాగితము, ఖాళీ చెక్కు

ఖాళీ ప్రామిసరీ నోటుపై స్టాంపు అంటించి సంతకము చేసి యిచ్చుట మన కుటుంబములలో నేటికిని కలదు. "మొత్తము తరువాత వ్రాసికొందుము" అందురు. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్సు చట్టము, 20వ సెక్షను, ఇట్టి స్టాంపు కాగితమును పూర్తిచేయు అధికారమును దానిని పుచ్చుకొనినవానికే ఇచ్చుచున్నది. ఆ స్టాంపునకు సరిపడు మొత్తము వరకు అతడు వ్రాసికొనవచ్చును. ఖాళీ చెక్కు సంగతియు ఇట్టిదే. సంతకము చేసి మనస్ఫూర్తిగా ఇచ్చిన చెక్కు ఖాళీది యైనను, అది అప్పు తీర్చుటకు ఇచ్చినదే యని చట్టము భావించునని సుప్రీంకోర్టు 2019లో చెప్పెను. కాదని ఋజువు చేయవలసినది మీరే. చెక్కు చెల్లక తిరిగి వచ్చి, నోటీసు అందిన 15 దినములలో సొమ్ము కట్టనిచో, 138వ సెక్షను క్రింద రెండేండ్ల వరకు కారాగారమో, చెక్కు మొత్తమునకు రెట్టింపు వరకు జరిమానాయో, రెండునో విధింపవచ్చును.

అప్పు తీర్చునప్పుడు చేయవలసినది కూడ తెలిసికొనుడు. కొంత సొమ్ము కట్టినప్పుడెల్ల నోటు వెనుక తేదీతో చెల్లు వ్రాయించి సంతకము తీసికొనుడు. పూర్తిగా తీర్చిన దినమున నోటును తిరిగి పుచ్చుకొనుడు. "ఎక్కడనో పెట్టితిని, రేపు ఇచ్చెదను" అనినచో, ముట్టినట్లు రసీదు వ్రాయించుకొనక సొమ్ము ఇవ్వకుడు.

వడ్డీ లెక్క

మన పెద్దలు వడ్డీని నూటికి నెలకు ఇన్ని రూపాయలని చెప్పుదురు. బ్యాంకులు సంవత్సరమునకు నూటికి ఇంత యని చెప్పును. ఈ రెండు లెక్కలను కలిపి చూచుకొననివాడు మోసపోవును. "మూడు రూపాయల వడ్డీయే" యన్నచో సంవత్సరమునకు 36 శాతము. 50,000 రూపాయలకు నెలకు 1,500, ఏడాదికి 18,000. ఆ వడ్డీ కట్టక అసలులో కలిసిపోవుచున్నచో ఏడాది చివరకు బాకీ సుమారు 71,288 రూపాయలగును. నోటిలెక్కకు సులభమైన ఉపాయ మొకటి కలదు. 72ను నెల వడ్డీచే భాగించినచో, చక్రవడ్డీపై అప్పు ఎన్ని నెలలలో రెట్టింపగునో సుమారుగా తెలియును. మూడు రూపాయలకు 24 నెలలు. రెండు రూపాయలకు 36 నెలలు.

మరి యొక మాయ కలదు. 60,000 రూపాయల అప్పును 12 శాతము "ఫ్లాటు" వడ్డీతో ఏడాదిలో తీర్చుమందురు. వడ్డీ 7,200, మొత్తము 67,200, నెలకు 5,600. చూచుటకు చౌకగా నుండును. కాని నెలనెలకు అసలు తగ్గుచున్నను వడ్డీ మాత్రము మొదటి 60,000పైననే లెక్కింపబడుచున్నది. తగ్గుచున్న బాకీపై లెక్కించినచో అసలు రేటు 21 శాతమునకు పైన నుండును. అందువలననే 2024 అక్టోబరు 1వ తేదీనుండి వ్యక్తిగతముగా తీసికొను అప్పులన్నిటికిని, ఖర్చులతో కూడ లెక్కించిన ఏటి వడ్డీ రేటును స్పష్టముగా చూపు పత్రము నొకదానిని బ్యాంకులును ఆర్థిక సంస్థలును ముందే ఇయ్యవలయునని రిజర్వు బ్యాంకు నిర్ణయించినది. ఆ పత్రమును అడుగుడు. ఇయ్యనివారివద్ద అప్పు తీసికొనకుడు.

గది అద్దె

దేశమున పలుచోట్ల అద్దె కరారును పదునొకండు నెలలకే వ్రాయుదురు. కారణమేమనగా, 1908 నాటి రిజిస్ట్రేషను చట్టము ప్రకారము ఏడాదికి మించిన కౌలును తప్పక రిజిస్టరు చేయవలయును. ఆ ఖర్చు తప్పించుకొనుటకే ఈ ఏర్పాటు. కాని మహారాష్ట్రమున ఈ ఉపాయము చెల్లదు. 1999 నాటి మహారాష్ట్ర అద్దె నియంత్రణ చట్టము, 55వ సెక్షను, గడువు ఎంత యైనను కరారు వ్రాతపూర్వకముగా నుండి రిజిస్టరు కావలయునని చెప్పుచున్నది. ఆ బాధ్యత యజమానిది. రిజిస్టరు చేయించనిచో, వేరుగా ఋజువు కానంత వరకు, షరతులను గూర్చి అద్దెకున్నవాడు చెప్పిన మాటయే నిలుచును. పుణెలో గది తీసికొను మన పిల్లలలో ఇది తెలిసినవారు కొలదిమందియే.

కరారున ఈ విషయములు చూడుడు: ధరావతు ఎంత, ఎప్పుడు తిరిగి ఇచ్చెదరు, ఖాళీ చేయుటకు ఎన్నినాళ్ళు ముందుగా తెలుపవలయును, మరమ్మతుల ఖర్చు ఎవరిది, కరెంటు మీటరు ఏ అంకెవద్ద నున్నది. గదిలో అడుగుపెట్టిన దినముననే గోడలను, కొళాయిలను, కిటికీలను ఫోనులో ఫోటో తీసి యజమానికి పంపుడు. విడిచిపోవు దినమున ఆ ఫోటోలే మీ సాక్షులు.

కంటికి కనబడని సంతకము

నేటి కాలమున సంతకము కలముతోనే చేయబడుట లేదు. ఫోనునకు వచ్చు ఆరంకెల ఓటీపీ యొక సంతకము. యూపీఐ పిన్ మరి యొక సంతకము. "అంగీకరించితిని" అను గడిపై వ్రేలుంచుటయు సంతకమే. సొమ్ము పుచ్చుకొనుటకు పిన్ అక్కరలేదు. సొమ్ము పంపుటకే కావలయును. ఈ ఒక్క మాట మరువకున్నచో అనేక మోసములనుండి తప్పించుకొందురు.

ఇంతకంటె ఘోరమైనది, ఇటీవల విద్యార్థులకే వల పన్నుచున్నది, ఖాతాను అద్దెకిచ్చుట. "నీ ఖాతాలో సొమ్ము వచ్చును, తీసి మాకిమ్ము, నీకు ఐదువేలు" అందురు. ఆ సొమ్ము మరి యెవరో వృద్ధుని పింఛను కావచ్చును, మరి యెవరో తల్లి దాచుకొనిన నగల సొమ్ము కావచ్చును. మోసము చేసినవాడు కనబడడు. ఖాతా మీ పేరున నున్నది గనుక పోలీసులు మీ తలుపు తట్టుదురు. ఖాతా నిలిపివేయబడును, చదువును ఉద్యోగమును చిక్కున పడును. పాసుపుస్తకము, ఏటీఎం కార్డు, సిమ్ము కార్డు, వీనిలో ఏదియు స్నేహితునకు సైతము ఇవ్వకుడు. మీ సొమ్మే మోసపోయినచో ఒక్క గంటయు జాగు చేయక 1930 సంఖ్యకు ఫోను చేసి ఫిర్యాదు చేయుడు, మీ బ్యాంకునకును తెలుపుడు. సొమ్ము ఖాతాలు మారకముందే ఆపగలిగిన యవకాశము ఆ తొలి గంటలలోనే ఎక్కువ.

పొరబాటు జరిగినచో

ఎంత జాగ్రత్తగా నున్నను పొరబాటు జరుగవచ్చును. అప్పుడేమి చేయవలయును? సంతకము చేసిన ప్రతి కాగితము నకలును ఒక సంచిలో భద్రపరచుడు. అది మీవద్ద లేకున్నచో ఎవ్వరును సహాయము చేయలేరు. ప్రతి జిల్లాలోను న్యాయసేవా ప్రాధికార సంస్థ కలదు. 1987 నాటి చట్టము ప్రకారము స్త్రీలకును, షెడ్యూల్డు కులములు తెగలవారికిని, కార్మికులకును, నిర్ణీత ఆదాయమునకు లోబడినవారికిని అది ఉచితముగా న్యాయవాదిని ఏర్పరచును. 15100 సంఖ్యకు ఫోను చేసి సలహా పొందవచ్చును.

అన్నిటికంటె ముందు ఇంటికి చెప్పుడు. నేను ఆ 32 నెలలును మా నాయనగారికి చెప్పలేదు. ఆయన మగ్గము పనివాడు. ఆ సొమ్ము ఎంత శ్రమకు సమానమో నాకు తెలియును గనుక నోరు రాలేదు. పండుగకు కొత్తబట్టలు కొనకపోవుటకు, ఇంటికి తక్కువ సొమ్ము పంపుటకు ఏవేవో కారణములు చెప్పితిని. నేను దుర్వ్యసనముల పాలైతినేమో యని ఆయన లోలోన కుమిలిపోయెనట. అప్పు తీరిన పిమ్మట ఒక రాత్రి సంగతి చెప్పితిని. ఆయన కోపగింపలేదు. చాలసేపు ఊరకుండి, "పడుగు చూచుకొనక పేక వేసితివి, నాయనా. అది అందరును ఒకసారి చేయుదురు. పోగు తెగిన దినముననే చెప్పియున్నచో ఇద్దరము కూర్చుండి అతికియుందుము గదా" అనిరి.

సొమ్ము పోయినదానికంటె, ఆయనను మూడేండ్లు అనుమానమున నుంచితినన్న బాధయే నాకు నేటికిని మిగిలియున్నది. కావున, నాయనలారా, తల్లులారా, చదివి సంతకము చేయుడు. చదువక చేసియున్నచో, ఆ దినముననే ఇంటికి ఫోను చేయుడు. మీ తండ్రి గద్దించునేమో, గద్దించనిండు. ఆ తరువాత మీతో కూర్చుండి ఆ కాగితమును మొదటినుండి చదువువాడును ఆయనయే.